టీచబుల్ మెషీన్: కళాకారులకు ఎంతవరకు పనికొస్తుంది?

ఉదాహరణలు చూసి కంప్యూటరే నేర్చుకునే మెషిన్ లెర్నింగును మట్టిలా, రంగులా తమ చేతులతో మలచుకోవాలనుకునే కళాకారులకు, గూగుల్ ఉచితంగా అందిస్తున్న టీచబుల్ మెషీన్ మంచి తొలిమెట్టు. 2017లో చిన్న ప్రయోగంగా మొదలై, తయారైన మోడల్‌ను, అంటే మన నమూనాల నుంచి నేర్చుకున్న ప్రోగ్రామును, బయటికి తీసుకుని వాడుకునే వీలుతో 2019లో రెండవ రూపంలో వచ్చిన ఈ పరికరానికి వెబ్‌క్యామ్, మైకు ఉన్న కంప్యూటరూ బ్రౌజరూ చాలు. బొమ్మలు గీసిపెట్టమంటే మాత్రం ఇది గీయదు. చూసినదాన్ని, విన్నదాన్ని మనం నేర్పిన తరగతుల్లో, అంటే వర్గాల్లో, ఒకదానికి చేర్చడమే దీని పని.

నాట్యకారులు దీన్ని హస్తాలతో, అంటే చేతి ముద్రలతో, పరీక్షించవచ్చు. పతాక హస్తం పట్టి ఒక తరగతికి, ఉంగరపు వేలు వంచి త్రిపతాకం పట్టి మరొక తరగతికి నమూనాలు ఇస్తే, మోడల్ కొద్దిసేపట్లోనే సిద్ధమవుతుంది. అసంఖ్యాకమైన ఫొటోలపై ముందే శిక్షణ పొందిన మొబైల్‌నెట్ అనే, చిత్రాలను గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్‌కు మన నమూనాలతో కొసమెరుగు దిద్దడమే జరుగుతుంది కనుక ఇంత వేగం సాధ్యమైంది. అయితే ఒక హస్తాన్ని తెల్లగోడ ముందు, రెండవదాన్ని కిటికీ పక్కన తీస్తే, అది వేలి వంపును నేర్చుకుందో, గోడను నేర్చుకుందో చెప్పలేము. అందుకే ఇక్కడ కళాకారుడి అసలు పని నమూనాల ఎంపికలోనే ఉంది. బ్రిటిష్ కళాకారిణి ఆనా రిడ్లర్ 2018లో తన కృతి కోసం 10,000 తులిప్ పూల ఫొటోలను స్వయంగా తీసి, ఒక్కొక్కదానికీ చేతిరాతతో వివరం రాసుకున్నది కూడా ఆ ఎంపికను ఇతరులకు వదలకూడదనే.

శరీర భంగిమలకు వేరే విభాగం ఉంది గానీ, అది ముక్కు, కళ్లు, చెవులతో మొదలై భుజాలు, మోచేతులు, మణికట్లు, నడుము, మోకాళ్లు, చీలమండల వరకు 17 బిందువులనే గుర్తిస్తుంది. అరమండిలో మోకాళ్ల వంపు దానికి అందుతుంది, వేళ్లు మాత్రం దాని లెక్కలోనే లేవు. కూచిపూడి నర్తకికి ఇది చిన్న లోపం కాదు. ధ్వని విభాగం శబ్దాన్ని ఒక్కొక్క సెకను ముక్కలుగా వింటుంది. ద్రుతకాలంలో చెప్పే జతులకు ఆ కొలత సరిపడదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు, "తెలియదు" అనే జవాబు దీని దగ్గర లేకపోవడం. రెండు హస్తాలే నేర్పిన మోడల్‌కు టీ కప్పు చూపినా, తన నమ్మకపు నూరు శాతాన్ని ఆ రెండింటి మధ్యనే పంచుతుంది. ఖాళీ గదికీ, సంబంధంలేని వస్తువులకూ కలిపి మూడవ తరగతి పెడితే ఇబ్బంది తగ్గుతుంది. కావాలనే పెట్టకుండా, ఆ మొండి జవాబులనే ప్రదర్శనలో వాడుకోవడం నాకు ఇంకా ఆసక్తికరంగా తోస్తుంది.

శిక్షణ అంతా మన బ్రౌజర్‌లోనే జరుగుతుంది కనుక నమూనాలను మనమే భద్రపరచుకోవాలి. తయారైన మోడల్‌ను పీ5.జెఎస్ (బ్రౌజర్‌లో కదిలే బొమ్మలను కోడ్‌తో గీసే సాధనం) స్కెచ్‌లో కలుపుకోవచ్చు, కాబట్టి హస్తం మారినప్పుడు తెరమీద రంగు మారే చిన్న ప్రదర్శనకు ఇది నిస్సందేహంగా చాలు. వేళ్ల కదలికను సూక్ష్మంగా పట్టుకోవలసిన పూర్తిస్థాయి నృత్య ప్రదర్శనకైతే, చేతి బిందువులను విడిగా గుర్తించే మరో పరికరాన్ని ఎంచుకోవడం మేలు.