ఎంజీబీకి ఏది మేలు: రికవరీ సీసానా, కొత్త రాగి కోరా, అల్యూమినియం రేడియేటరా?

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారును కొన్నవాళ్ళలో చాలామంది మొదటి ఎండాకాలంలోనే అల్యూమినియం రేడియేటర్ ధర వాకబు చేస్తారు. ఉష్ణోగ్రత మీటరు సూది ఎక్కుతోంది, నీళ్ళు తగ్గుతున్నాయి, కాబట్టి పెద్ద రేడియేటర్ కావాలన్నది వాళ్ళ లెక్క. చాలా బళ్ళ విషయంలో ఈ లెక్క తప్పు. రేడియేటర్ సంగతికి ముందు లెవెల్ సంగతి చూడాలి.

1977 మోడల్‌కు ముందు వచ్చిన నాలుగు సిలిండర్ల బళ్ళలో మూత రేడియేటర్ మీదే ఉంటుంది, విడిగా ట్యాంకు ఉండదు. హీటర్‌తో కలిపి పట్టేది సుమారు 5.7 లీటర్లు. ఇంజన్ వేడెక్కేసరికి అందులో పావు లీటరు దాకా వ్యాకోచిస్తుంది. మూతి అంచు దాకా నింపితే ఆ పావు లీటరు ఓవర్‌ఫ్లో గొట్టం గుండా రోడ్డు పాలవుతుంది. మర్నాడు మూత తీసి, నీళ్ళు తగ్గాయనుకుని మళ్ళీ అంచు దాకా పోస్తారు, అది మళ్ళీ కక్కేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మూతి కింద సుమారు 25 మి.మీ. ఖాళీ ఉండి, లోపలి గొట్టాలు మునిగి ఉంటే అదే సరైన లెవెల్. అక్కడ నిలకడగా ఉంటే పోయాల్సిన పనే లేదు. అంతకన్నా కిందికి పోతూనే ఉంటే హోసులు, వాటర్ పంపు సీలు, హీటర్, చివరికి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ బ్లాకుకూ మధ్య సీలు) చూడాలి.

ఈ కక్కుడుకు తక్కువ ఖర్చులో మందు రికవరీ సీసా: బయటికి పొంగిన నీళ్ళను పట్టి, చల్లారాక వెనక్కి ఇచ్చేది. అర లీటరు నుంచి లీటరు పట్టే సీసా చాలు. గొట్టం కొస సీసా అడుగు దాకా వెళ్ళాలి, చల్లగా ఉన్నప్పుడు మూడో వంతు కూలెంట్ ఉండాలి. మూత మాత్రం మార్చక తప్పదు. పాత రకం మూతకు కింది సీలు ఒక్కటే ఉంటుంది, దాంతో చల్లారేటప్పుడు సీసాలోని నీళ్ళకు బదులు పైనుంచి గాలి పీలుస్తుంది. పైన కూడా సీలు ఉన్న రికవరీ మూత కావాలి. కొనే ముందు మూతి లోతు కొలవండి. మూత కింది సీలు లోపలి మెట్టును తాకకపోతే ప్రెషర్ అసలు నిలవదు. తొలి బళ్ళ మూత 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం), తర్వాతివాటికి 10. ఒక్కో పీఎస్ఐకి మరిగే ఉష్ణోగ్రత సుమారు 1.6 డిగ్రీలు పెరుగుతుంది. అలాగని పాత కోరు (రేడియేటర్ లోపలి గొట్టాలు, రెక్కల భాగం) మీద 15 పీఎస్ఐ మూత బిగిస్తే బలహీనపడ్డ టంకం అతుకులు, హీటర్ కోరు కారడం మొదలవుతుంది.

లెవెల్ నిలిచినా వేడెక్కుతుంటే, ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. హైవే వేగంలో సూది ఎక్కితే నీటి దారి మూసుకుపోయిందనో, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడిందనో, కింది హోసు పీల్చుకుపోతోందనో అనుమానించాలి. ట్రాఫిక్‌లో మాత్రమే ఎక్కితే గాలి చాలట్లేదని అర్థం. ఆ లోపం రేడియేటర్ మార్చినంత మాత్రాన పోదు. చూడాల్సిన ఇంకో చోటు ఇంజన్ బ్లాకు వెనుక భాగం, నాలుగో సిలిండర్ చుట్టూ. అక్కడ తుప్పు బురద పేరుకుంటుంది. డ్రెయిన్ విప్పినా నీళ్ళు రాకపోతే తీగతో పొడిచి కడగాలి. ఆ బురద ఉండగా కొత్త రేడియేటర్ పెడితే అదే బురద దాని గొట్టాల్లోకి చేరుతుంది.

కోరు నిజంగానే పోయిందనుకుందాం. రాగి అల్యూమినియం కన్నా వేడిని బాగా మోస్తుంది, అయినా అల్యూమినియం రేడియేటర్ దీటుగా పనిచేస్తుంది. కారణం గొట్టాల వెడల్పు. రాగి, ఇత్తడి కోరులో గొట్టం అర అంగుళం దగ్గర ఉంటే, అల్యూమినియంలో అంగుళం దాకా చేయవచ్చు. రెక్కలకు ఎక్కువ మేర అతుక్కుంటుంది, బరువూ తగ్గుతుంది. పందేల బళ్ళకూ, బాగా ట్యూన్ చేసిన ఇంజన్లకూ అదే సరి. మామూలుగా నడిపే 1798 సీసీ ఇంజన్‌కు మాత్రం రేడియేటర్ పైనా కిందా ఉన్న పాత ట్యాంకులు ఉంచి కొత్త రాగి కోరు వేయించడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. చిల్లు పడితే టంకంతో పూడ్చవచ్చు. అల్యూమినియానికి టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే అతుకు) తెలిసిన మనిషి దొరకాలి. కోరు వేయించేటప్పుడు నాలుగు వరుసల గొట్టాలు అడగకండి. మందమైన కోరు గుండా నెమ్మది వేగంలో గాలి దూరడం కష్టం, ట్రాఫిక్‌లో వేడి ఇంకా పెరగవచ్చు.

అల్యూమినియానికి మరో శత్రువు కూలెంట్ గుండా పారే దారితప్పిన కరెంటు. ఇంజన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మల్టీమీటర్ ఒక తీగను రేడియేటర్‌కు తగలకుండా కూలెంట్‌లో ముంచి, రెండోది బ్యాటరీ ఎర్త్ చివరకు పెట్టండి. ఈ కొలత కోసం మూతను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. 0.1 వోల్ట్ దాటితే ఇంజన్ ఎర్త్ పట్టీ శుభ్రం చేయందే అల్యూమినియం పెట్టకూడదు. 1967 వరకు వచ్చినవి పాజిటివ్ ఎర్త్ బళ్ళు (బ్యాటరీ ప్లస్ చివర బాడీకి కలిపినవి), కాబట్టి మీటర్ గుర్తు తిరగబడవచ్చు, అంకెనే చూడండి. ఆ బళ్ళ డైనమో ఇచ్చేది 22 ఆంప్స్. 8 నుంచి 10 ఆంప్స్ లాగే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ను హెడ్‌లైట్లతో కలిపి నడిపితే బ్యాటరీ దిగిపోతుంది. ముందు ఆల్టర్నేటర్, ఆ తర్వాతే ఫ్యాన్.

నింపడానికి బోరు నీళ్ళు వద్దు, లోపల సున్నపు పొర కడుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. టంకం, ఇత్తడి ఉన్న ఈ ఇంజన్‌కు సిలికేట్ కలిసిన పాత రకం ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ మంచిది, ఓఏటీ (సేంద్రియ ఆమ్లాల) రకం వద్దు. గడ్డకట్టే చలి లేని చోట మూడో వంతు చాలు: 1.9 లీటర్ల గాఢ కూలెంట్, 3.8 లీటర్ల నీళ్ళు. గ్లైకాల్ పెరిగేకొద్దీ వేడిని మోసే శక్తి తగ్గుతుంది. రెండేళ్ళకోసారి మార్చాలి. పోసేటప్పుడు హీటర్ వాల్వ్ పూర్తిగా తెరవండి, లేకపోతే అందులో గాలి చిక్కుకుంటుంది. రికవరీ సీసా ఉంటే రేడియేటర్ అంచు దాకా నింపండి, లేకపోతే ఆ 25 మి.మీ. వదిలేయండి. థర్మోస్టాట్ (వేడికి నీటి దారి తెరిచే వాల్వ్) తెరుచుకునేదాకా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మర్నాడు పొద్దున లెవెల్ మరోసారి చూడండి.