తుంగకు దుక్కా, మందా: ఏది మేలు?

తుంగ పడిన చేలో ఒక మొక్క చుట్టూ పలుగుతో జానెడు లోతు పెళ్లగించి, మట్టి విదిలించి చూడండి. నల్లటి సన్నని తీగకు గుచ్చినట్టు గడ్డలు వరుసగా ఉంటాయి. వాటిలో కొన్నే మొలుస్తాయి, మిగిలినవి కదలకుండా పడి ఉంటాయి. ఆ తీగ తెగిందంటే పడుకున్నవీ లేస్తాయి. ఏ పద్ధతి మేలన్నది ఆ గడ్డల దాకా ఏది చేరుతుందన్న దాన్ని బట్టే తేలుతుంది.

చేత్తో పీకితే ఆకు వస్తుంది, గడ్డ ఉండిపోతుంది. మొలిచిన నెలా నెలన్నరలో కొత్త గడ్డలు ఊరతాయి కాబట్టి, రెండు మూడు వారాలకోసారి వదలకుండా తీస్తేనే పాత గడ్డ నీరసిస్తుంది. పెరటి మడికి ఇది చాలు, ఎకరాలకు కూలి గిట్టదు. తడి నేలలో రోటవేటర్ మాత్రం దయచేసి తిప్పకండి. గొలుసులు తెంపి చేనంతా మనమే నాటినట్టు అవుతుంది.

వేసవి దుక్కి బలం వేరు. గడ్డల్లో ఎక్కువ భాగం పై 15 సెంటీమీటర్లలోనే ఉంటాయి. నాగలితో తిరగేసి మండుటెండకు వదిలితే మొలిచినదీ, మొలవనిదీ రెండూ ఆరిపోయి చస్తాయి. కొన్నాళ్లాగి మళ్లీ దున్నితే అడుగున మిగిలినవీ పైకొస్తాయి. మధ్యలో వాన పడితే మాత్రం పడ్డ శ్రమ చాలావరకు వృథా.

మందుల్లో పారాక్వాట్ ఆకునే మాడుస్తుంది, కొద్ది రోజుల్లో మళ్లీ చిగురు వస్తుంది. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు ఆకు నుంచి గడ్డలోకి దిగుతుంది. చెరకు, మొక్కజొన్నల్లో పైరు నిలిచి ఉండగానే ఎకరాకు 36 గ్రాములు కొట్టవచ్చు. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి, పసుపెక్కి మెల్లగా చస్తుంది. గ్లైఫోసేట్ కూడా లోపలికి దిగేదే, కానీ పైరు మీద పడితే పైరూ పోతుంది. ఏ మందైనా మొలవని గడ్డను తాకదు. అందుకే ముందు తడి పెట్టి మొలిపించి, ఆకు పచ్చగా ఉన్నప్పుడు కొట్టాలి. బెట్టకు వాడిన తుంగ మందును సరిగా పీల్చుకోదు.

నేలను వేసవిలో ఖాళీగా ఉంచగలిగితే నా ఓటు దుక్కికే. మిగిలి మొలిచిన వాటికే మందు. చెరకులాగా ఏళ్ల తరబడి దున్నలేని చేలో అయితే హాలోసల్ఫ్యూరానే దారి.

కూరగాయ మళ్లకు ప్లాస్టిక్ షీటు నమ్మకండి, తుంగ మొలక సూదిలా దాన్ని పొడుచుకుని వస్తుంది. నీడంటే దానికి గిట్టదు. అలసంద, జనుము లాంటివి ఒత్తుగా చల్లి త్వరగా కమ్ముకోనిస్తే అది బలహీనపడుతుంది.