హంటింగ్టన్ రోగికి మద్య విముక్తి చికిత్స: ఒక కేంద్రం సేవలపై సమీక్ష

హంటింగ్టన్ వ్యాధి (మెదడు కణాలు క్రమంగా దెబ్బతిని, అదుపులేని కదలికలు తెచ్చే వంశపారంపర్య జబ్బు) ఉన్న మా బాబాయి చేత తాగుడు మాన్పించడానికి హైదరాబాదులోని ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పించాము. ఈ వ్యాధిని నిర్ధారించే సీ.ఏ.జీ. పునరావృతాలు (జన్యువులో మళ్లీ మళ్లీ వచ్చే మూడక్షరాల భాగం) 40కి మించాయన్న జన్యుపరీక్ష నివేదిక మా చేతిలో ఉన్నా, తూలే నడకను, వాటంతటవే కదిలే చేతులను చూసి ‘ఇంకా మత్తు దిగలేదు’ అని చేర్చుకునే చోట రాసుకున్నారు.

మనోవైద్యురాలి పనితీరు వేరు. మద్యాన్ని ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు కనుక తగిన మందులతో పాటు థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లు ఇప్పించి, కొద్దిరోజులకు గచ్చు పలకల గీత వెంట మడమకు బొటనవేలు ఆనిస్తూ ఆయనను నడిపించి చూశారు. మద్యం శరీర తూకాన్ని నిలిపే చిన్నమెదడును దెబ్బతీస్తుంది కాబట్టి తూలడంలో కొంత భాగం తాగుడు మానితే తగ్గవచ్చుననీ, అసలు వ్యాధి మాత్రం ఆగదనీ దాపరికం లేకుండా చెప్పారు. తాగుడు అలవాటు ఉన్న ఈ వ్యాధిగ్రస్తులలో కదలికల లక్షణాలు ముందుగా మొదలైనట్లు పరిశీలనలు ఉన్నాయనీ, మద్యమే కారణమని మాత్రం తేలలేదనీ వివరించారు. ఇంత నిజాయితీ డబ్బు కట్టినా అన్నిచోట్లా దొరకదు. అదుపులేని కదలికలను తగ్గించే టెట్రాబెనజీన్ మందు వాడుతూ తాగితే మగత పెరిగి పడిపోయే ప్రమాదముందని పిన్నికి విడిగా హెచ్చరించారు.

భోజనం విషయంలో శ్రద్ధ లేదు. మింగడం కష్టమయ్యే ఈ వ్యాధిలో పలుచని మజ్జిగకు ఆయనకు పొలమారుతున్నా అదే పోశారు. పిల్లలకు ఈ జన్యువు సంక్రమించే అవకాశం 50 శాతం కాగా, జన్యు సలహాదారు ఇక్కడ లేరు. వెళ్లదలచినవారు నాడీవైద్యుని లేఖను ముందే పంపి, మనోవైద్యురాలు ఉండే వేళ కనుక్కొని వెళ్లడం మేలు.