ఉబ్బసానికి ఏ ఇన్‌హేలర్ మేలు?

ఉబ్బసం ఉన్న చాలామంది దగ్గర ఉండేది సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్కటే. రెండు పఫ్‌లు పీలిస్తే ఐదు నిమిషాల్లో పిల్లికూతలు తగ్గి ఊపిరి ఆడుతుంది. ఇంత బాగా పనిచేస్తుంటే రోజూ స్టెరాయిడ్ పీల్చడం దేనికి అనిపించడం సహజం.

తిరకాసంతా అక్కడే ఉంది. ఆయాసం వచ్చినప్పుడు ఊపిరి గొట్టాల చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి, లోపలి పొర వాచి కఫం చేరుతుంది. సాల్బుటమాల్ కండరాలను వదులు చేస్తుంది, అదీ 4 నుంచి 6 గంటల పాటే. వాపు జోలికి పోదు. బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ లాంటి స్టెరాయిడ్లు తగ్గించేది ఆ వాపునే. కాకపోతే పీల్చిన పూట ఏమీ తెలియదు, తేడా కనబడటానికి రోజులూ వారాలూ పడుతుంది. చాలామంది ఈలోపే మానేస్తారు.

స్టెరాయిడ్ అనగానే వచ్చే టెన్షన్ కూడా మాత్రల వల్ల వచ్చిందే. ఇన్‌హేలర్‌లో డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. మామూలు డోసుల్లో ఎక్కువగా కనిపించే ఇబ్బంది గొంతు బొంగురుపోవడం, నోట్లో తెల్లపూత. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే అవి చాలావరకు రావు.

ఉబ్బసం చికిత్సకు మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ గినా, 12 ఏళ్లు, ఆపైన వయసు వాళ్లు సాల్బుటమాల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని 2019లో చెప్పేసింది. 200 పఫ్‌ల సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు ఏడాదికి మూడు ఖాళీ అవుతున్నాయంటే తీవ్రమైన అటాక్ ముప్పు పెరిగినట్టే.

నన్నడిగితే ఈ వయసు వాళ్లకు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలరే మేలు. ఫార్మోటెరాల్ కూడా సాల్బుటమాల్‌లాగే కండరాలను వదులు చేసే మందు, నిమిషాల్లోనే పని మొదలుపెట్టి 12 గంటలు నిలుస్తుంది. ఉపశమనం కోసం పీల్చిన ప్రతిసారీ స్టెరాయిడ్ కూడా లోపలికి పోతుంది కాబట్టి, బద్ధకస్తులకు ఇదే మంచి ఏర్పాటు. ఫార్మోటెరాల్ బదులు సాల్మెటెరాల్ అనే మందు కలిసిన ఇన్‌హేలర్‌ని మాత్రం ఇలా అవసరానికి వాడకూడదు, అది నిదానంగా పనిచేస్తుంది.

మాత్రల సంగతి క్లుప్తంగా. సాల్బుటమాల్ పఫ్ 100 మైక్రోగ్రాములైతే మాత్ర 2 లేదా 4 మిల్లీగ్రాములు, అంటే కనీసం ఇరవై రెట్లు. చేతులు వణకడం, గుండె దడ అందుకే. మాంటెలుకాస్ట్ అనే మాత్ర ముక్కు అలర్జీ కూడా ఉన్నవాళ్లకు కొంత పనికొస్తుంది కానీ స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కి సాటి రాదు. పైగా నిద్ర, మానసిక స్థితి మీద దాని ప్రభావం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక జారీ చేసింది.

ఏది వాడినా పీల్చే పద్ధతి కుదరాలి. స్ప్రే రకమైతే నొక్కుతూ నిదానంగా, లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పొడి రకమైతే గట్టిగా, వేగంగా లాగాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లు స్ప్రేకి స్పేసర్ (మందును కాసేపు పట్టి ఉంచే గొట్టం) తగిలించుకోవాలి. పఫ్‌లు తీసుకున్నా ఆయాసం తగ్గక, ఒక వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోతుంటే ఇక ఏ ఇన్‌హేలర్ అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి, దారిలో పఫ్‌లు ఆపకూడదు.