ఆదిపురుష్: గ్రాఫిక్స్ సంగతి సరే, మాటల సంగతేంటి?

రామాయణం మీద తీసిన ఆదిపురుష్ సినిమా పేరెత్తితే ఇప్పటికీ అందరూ గ్రాఫిక్స్ మీదికే వెళ్తారు. 2022 అక్టోబర్‌లో అయోధ్యలో టీజర్ వదిలిన రోజు నుంచీ అదే గొడవ, కార్టూన్‌లా ఉందని ఒకరు, వీడియో గేమ్‌లా ఉందని ఇంకొకరు. సంక్రాంతికి రావాల్సిన సినిమాని ఆపి, మళ్ళీ పనిచేసి, 2023 జూన్ 16న వదిలారు. ఐదొందల కోట్లకి పైనే ఖర్చయిందని అప్పట్లో వార్తలొచ్చాయి. గ్రాఫిక్స్ బాగాలేవన్నది నిజమే, నాకూ నచ్చలేదు, కానీ అవి ఇంకో రెండింతలు బాగున్నా ఈ సినిమా నాకు నచ్చేది కాదు. రామాయణమంటే ముందు మాటలు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారు, ఎలా మాట్లాడారు, ఎక్కడ ఊరుకున్నారు అన్నదాని మీదే ఆ కథంతా నిలబడింది. సినిమా తీసినవాళ్ళు చాలా తక్కువ శ్రద్ధ పెట్టింది కూడా దానిమీదే.

రాముడినే తీసుకోండి. వాల్మీకి అయోధ్యకాండ మొదట్లోనే రాముడి గుణాలు చెబుతూ, ఎదుటివాళ్ళు పలకరించకముందే తనే పలకరిస్తాడని, మెత్తగా మాట్లాడతాడని, ఎవరైనా కటువుగా ఓ మాట అన్నా తిరిగి అనడని రాశాడు. ఆయన్ని చూసి జనం మురిసిపోయేది అందుకు. సినిమాలో రాఘవుడిగా ప్రభాస్ ఆకారానికి వంక పెట్టను, విల్లు పట్టుకుని నిలబడితే నిండుగానే ఉన్నాడు. కానీ శబరి దగ్గర, సుగ్రీవుడి దగ్గర, సముద్రుడి దగ్గర, ఆఖరికి సీత పక్కన ఉన్నప్పుడు కూడా ఒకటే ముఖం, ఒకటే గొంతు. పలకరింపు లేదు, చిరునవ్వు లేదు. తప్పంతా నటుడిమీదికి తోసేయలేం, మనిషిలా మాట్లాడే సన్నివేశం ఇస్తే కదా మాట్లాడటానికి. అయోధ్యలో జరిగిందంతా మొదట్లో పేర్లు పడేటప్పుడు బొమ్మలతో చెప్పేసి, నేరుగా అడవిలోకి తీసుకెళ్ళారు. కైకేయి వరాలడగడం, తండ్రి నోటితో చెప్పలేకపోవడం, నేనూ వస్తానని సీత వాదించడం, పాదుకలు నెత్తిన పెట్టుకుని భరతుడు వెనక్కి వెళ్ళడం, వీటికి చోటు దొరకలేదు. మూడు గంటల సినిమా ఇది. అందరికీ తెలిసిన కథేగా అనుకుని దాటేశారేమో, అసలు తెలిసిన కథ కాబట్టే ఆ చోట్ల కోసం ఎదురుచూస్తాం.

ఇక హనుమంతుడు. నాకు బాగా కష్టంగా అనిపించింది ఇక్కడే. కిష్కింధలో హనుమంతుడు మొదటిసారి నోరు తెరిచి మాట్లాడగానే రాముడు లక్ష్మణుడితో ఏమంటాడో గుర్తుచేసుకోండి. వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడు, వ్యాకరణం అంతా చాలాసార్లు విని ఉంటాడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క తప్పు మాట దొర్లలేదు అని మెచ్చుకుంటాడు. తర్వాత అశోకవనంలో చెట్టుమీద కూర్చుని అదే హనుమంతుడు ఎంతో ఆలోచిస్తాడు, పండితుడిలా సంస్కృతంలో పలకరిస్తే నన్ను రావణుడే అనుకుని ఈ తల్లి భయపడుతుంది, మామూలు మనుషులు మాట్లాడుకునే మాటలే మాట్లాడాలి అని. భయంలో ఉన్న ఒక మనిషిని ఏ మాటతో పలకరించాలా అని అంతగా తర్కించుకున్నవాడు ఆయన. అలాంటివాడి నోట, తోకకి నిప్పు పెట్టినప్పుడు, హిందీలో ఏం పెట్టారో దేశమంతా వింది. బట్ట నీ బాబుది, నూనె నీ బాబుది, నిప్పు నీ బాబుది, కాలేది కూడా నీ బాబుదే, ఇదీ వరస. జనం మండిపడ్డాక, విడుదలైన కొద్ది రోజులకే బాబుని తీసేసి లంక అని మార్చారు. ఈ తరానికి దగ్గరగా ఉండాలని కావాలనే అలా రాశామని ముందు సమర్థించుకున్నారు, తర్వాత మాటల రచయిత క్షమాపణ కూడా చెప్పారు.

ఈ తరం అన్న వాదన నేను ఒప్పుకోను. గ్రాంథికంలో రాయమని ఎవరూ అడగలేదు. మామూలు మాటల్లోనే మర్యాద ఉంచొచ్చు, మన ఇళ్ళల్లో అమ్మమ్మలు పిల్లలకి సుందరకాండ చెప్పేది మామూలు మాటల్లోనే, వాళ్ళ హనుమంతుడు ఎప్పుడూ తిట్లకి దిగలేదు. పైగా మూలంలో ఉన్నది ఈ తరానికి ఇంకా బాగా ఎక్కుతుంది. లంక తగలబెట్టాక హనుమంతుడు ఛాతీ విరుచుకుని తిరగడు, ఒక్కసారిగా వణికిపోతాడు. కోపంలో ఊరంతా కాల్చేశాను, సీతమ్మ కూడా అందులో ఉంటే ఏం చేశానో నాకు తెలుస్తోందా అని తనని తానే నిందించుకుంటాడు, కోపాన్ని అదుపులో పెట్టుకున్నవాళ్ళే ధన్యులు అనుకుంటాడు. అంత గొప్ప సన్నివేశం చేతిలో ఉండగా దాన్ని వదిలేసి పంచ్ డైలాగ్ వెతుక్కోవడం ఏంటి? థియేటర్లలో ఆయన కోసం ఒక సీటు ఖాళీగా ఉంచారు, రామకథ చెప్పే చోటికి హనుమంతుడు వస్తాడని నమ్మే జనం ఆ సీటుకి పూలు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. వాళ్ళ ముందుకి తెచ్చిన హనుమంతుడు ఆ నమ్మకానికి తగ్గట్టు ఉండాలి కదా.

రావణుడి విషయంలో బయట జనం గడ్డం, జుట్టు, కాటుక అంటూ వేషం దగ్గరే ఆగిపోయారు. పుష్పకం బదులు గబ్బిలం లాంటి జంతువు, కొండచిలువలతో ఒళ్ళు పట్టించుకోవడం, ఇవన్నీ చూసి నేనూ ఇబ్బంది పడ్డాను. అంతకంటే ముఖ్యం ఏంటంటే ఈ లంకేశుడిలో చదువు కనిపించదు. చదువుకున్నవాడు, శివభక్తుడు, వీణ వాయించేవాడు చేసిన తప్పు కాబట్టే రావణుడి కథ మనకి భయం పుట్టిస్తుంది. హనుమంతుడే కొలువులో మొదటిసారి ఆయన్ని చూసి, ఏమి రూపం, ఏమి ధైర్యం, అధర్మం లేకపోతే దేవలోకానికి కూడా రక్షకుడయ్యేవాడు అనుకుంటాడు. లంక కూడా అంతే. హనుమంతుడే ఆశ్చర్యపోయిన బంగారు నగరం ఇక్కడ బొగ్గుగనిలా ఉంది.

తెలుగువాళ్ళకి ఈ సినిమా ఇంకాస్త ఎక్కువ బాధగా ఉండటానికి కారణముంది. 1961లో ఎన్టీఆర్ సీతారామ కళ్యాణం తీసి, రావణుడి వేషం తనే వేశారు. కైలాసం ఎత్తడం, పది తలలు, అవన్నీ రవికాంత్ నగాయిచ్ కెమెరా ట్రిక్కులు. ఇప్పటి పిల్లలకి చూపిస్తే అతుకులు కనిపిస్తాయి. కానీ పేగులు తీసి వీణ తీగలుగా కట్టి రావణుడు శివుణ్ణి పాడి పిలిచేటప్పుడు ఆ అతుకులు ఎవరికీ గుర్తురావు, ఎందుకంటే అప్పటికే ఆ మనిషి ఎవరో, ఏం కావాలో, ఎంత మొండివాడో మాటల్లో మనకి చెప్పేశారు.

బాగున్నవి లేకపోలేదు. అజయ్-అతుల్ పాటలు నిజంగా బాగున్నాయి, జై శ్రీరామ్ పాట వస్తుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. జటాయువు పోరు మీద కష్టపడ్డారని తెలుస్తుంది. కృతి సనన్ కనిపించినంతసేపూ హుందాగా ఉంది, సీతకి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది. రెండో సగంలో యుద్ధం మాత్రం చీకట్లో చీకటి కొట్టుకున్నట్టు సాగుతూనే ఉంటుంది, ఎవరు పడ్డారో కూడా పట్టించుకోవాలనిపించదు.

పాటలు వినండి. పిల్లలకి రామాయణం పరిచయం చేయాలనుకుంటే మాత్రం దీంతో మొదలుపెట్టొద్దు, 1963 నాటి లవకుశ పెట్టండి, అందులో లవకుశులు రామకథ పాడేటప్పుడు పిల్లలు కదలరు. హిందీలో నితీశ్ తివారీ తీస్తున్న రామాయణం మొదటి భాగం 2026 దీపావళికి అని ప్రకటించారు. దానిమీద కూడా బడ్జెట్ ఎంత, గ్రాఫిక్స్ ఎవరు అన్న చర్చే నడుస్తోంది. నేను మాత్రం కిష్కింధలో హనుమంతుడు మొదటిసారి మాట్లాడే సన్నివేశం ఎలా తీశారో చూడ్డానికి వెళ్తాను.