పారిస్‌లో పాత ముఖచిత్రాల వేట

ఈసారి పారిస్‌లో ఉన్న నాలుగు రోజులూ ఒకే పత్రిక కోసం తిరిగాను. 'ల పెతి జుర్నాల్' దినపత్రికకు వారం వారం ఒక బొమ్మల అనుబంధం వచ్చేది. 1890 నుంచి దాన్ని రంగుల్లో వేశారు. 8 పేజీలు, వెల 5 సాంతీమ్‌లు, అంటే ఫ్రాంకులో ఇరవయ్యో వంతు. మొదటి పేజీ, చివరి పేజీ నిండా బొమ్మలే. పత్రిక నడిపిన మారినోని స్వయంగా రోటరీ ముద్రణ యంత్రాలు, అంటే తిరిగే సిలిండర్లతో వేగంగా అచ్చువేసేవి, తయారుచేసినవాడు. రంగుల బొమ్మ అంత చవగ్గా జనం చేతికి వచ్చిందంటే అందుకే.

ముందు సెన్ నది గట్టుకే వెళ్లాను. ఆకుపచ్చ పెట్టెల్లో పాత పుస్తకాలు అమ్ముతారు, ఆ దారిన నడవడం ఎంత హాయో! కానీ నాకు కనిపించినవి ఎక్కువగా కత్తిరించిన మొదటి ఆకులు. ఫ్రేము కట్టించుకునేవాళ్లకు అవి చాలు, నాకు సంచిక మొత్తం కావాలి. ఒకచోట పాతదని చూపించింది కొత్త ముద్రణ. కాగితం మరీ తెల్లగా ఉంది. భూతద్దం పెడితే బొమ్మంతా వరుస చుక్కలు.

అసలు పంట శనివారం పండింది. జార్జ్ బ్రాసెన్స్ పార్కు పక్కన, ఒకప్పటి గుర్రాల సంత షెడ్ల కింద, శని ఆదివారాల్లో పాత పుస్తకాల బజారు పెడతారు. పైన కప్పు ఉంది కాబట్టి వానొచ్చినా టెన్షన్ లేదు. తీరిగ్గా తెరిచి చూడనిచ్చారు. అక్కడే 1895 జనవరి 13 సంచిక దొరికింది. దేశద్రోహం నేరం మోపిన ఫ్రెంచ్ సైనికాధికారి డ్రేఫస్‌ను సైనికుల మధ్య నిలబెట్టి ఆయన కత్తిని విరిచేస్తున్న బొమ్మ, కింద 'ద్రోహి' అని శీర్షిక. ఆయన నిర్దోషి అని 1906లో తేలింది. మడత దగ్గర చిరిగినా 8 పేజీలూ ఉన్నాయి, వెంటనే తీసుకున్నాను. దగ్గర్లోనే వాన్వ్ పాత సామాన్ల సంత కూడా ఉంది. పొద్దున్నే వెళ్లాలి, పత్రికలు తక్కువ.

బస విషయంలో పొరపాటు చేశాను. నది దగ్గరని తీసుకున్న హోటల్ గదిలో చెమ్మ. ఒక్క రాత్రికే రెండు సంచికల అంచులు ఉబ్బాయి, నా ప్రాణం ఉసూరుమంది. మర్నాడే బజారుకు దగ్గర్లో పొడిగా ఉన్న గదికి మారాను. పెద్ద బల్ల ఉంది, అడగ్గానే అట్టముక్కలు ఇచ్చారు. చెక్కగుజ్జు కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది, చుడితే విరుగుతుంది. అందుకే అట్టల మధ్య పరిచి, విమానంలో చేతిసంచిలోనే తెచ్చుకున్నాను.