మందుల షాపులో అడగాలా, డాక్టరుకు చూపించుకోవాలా?

గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రి, మందుల షాపు పక్కపక్కనే ఉంటాయి. ఏ గడప ఎక్కాలో జబ్బును బట్టి తేల్చుకోవాలి.

పెద్దవాళ్లకు విరేచనాలు అప్పుడే మొదలైతే షాపు చాలు. లీటరు నీళ్లకు సరిపోయే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అడగండి. మొత్తం ఒకేసారి కలిపి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. నీళ్లు తగ్గిస్తే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది, పిల్లలకు మరీను. రక్తం పడినా, మూత్రం తగ్గినా డాక్టరే.

ఎక్కువ తప్పులు జరిగేది జ్వరం దగ్గర. పెద్దవాళ్లకు పారాసెటమాల్ 650 (మి.గ్రా.) బిళ్ల, ఆరు గంటల ఎడంతో. కాలేయ జబ్బుంటే ముందే చెప్పాలి. జలుబు బిళ్లల్లోనూ పారాసెటమాల్ ఉండొచ్చు, రెండూ కలిస్తే మోతాదు మించొచ్చు, అందుకే వాడుతున్న అట్టలన్నీ ఫార్మసిస్టుకు చూపించండి. వానాకాలంలో డెంగీ అనుమానం ఉంటుంది కాబట్టి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు అడగొద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రెండు రోజులైనా తగ్గకపోతే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాస్పత్రి) ఓపీకి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవడమే మేలు.

యాంటీబయాటిక్ మాత్రం డాక్టరు చీటీ లేకుండా అడగనే కూడదు. అట్ట మీది ఎర్ర గీతకు అర్థం అదే. ఇంకొకటి: కౌంటరులో ఉన్న ప్రతివారూ ఫార్మసిస్టు కాదు. గోడ మీది సర్టిఫికెట్‌లో పేరు చూసి, ఆయన్నే పిలిపించి అడగండి.